ఒక బిడ్డ, మూడు జవాబులు

శ్రోతలకు నమస్కారం.

పిల్లల మనసు ఎలా ఉందో తెలుసుకోవడానికి మనస్తత్వశాస్త్ర పరిశోధకులు ఎవరిని అడుగుతారు, వచ్చిన జవాబులను ఎంతవరకు నమ్ముతారు అన్నది ఈనాటి ప్రసంగ విషయం.

ఈ పనిలో విరివిగా వాడే సాధనాలలో ఒకటి, బ్రిటిష్ పిల్లల మనోవైద్యుడు రాబర్ట్ గుడ్‌మన్ 1997లో ప్రచురించిన ప్రశ్నావళి. అందులో 25 వాక్యాలు ఉంటాయి. తరచు తలనొప్పి, కడుపునొప్పి అంటుందా, చీటికిమాటికి కంగారు పడుతుందా, తోటివారితో కలుస్తుందా అన్నవాటికి నిజం కాదు, కొంతవరకు నిజం, కచ్చితంగా నిజం అనే మూడింటిలో ఒకదాన్ని గుర్తించాలి. దాదాపు ఇవే ప్రశ్నలకు తల్లి లేదా తండ్రి ఒక కాగితంలోనూ, ఉపాధ్యాయుడు ఇంకొక కాగితంలోనూ, 11 ఏళ్లు నిండిన పిల్లలైతే తమ గురించి తాము మరొక కాగితంలోనూ జవాబిస్తారు.

పుత్తూరు వైపు పల్లె నుంచి బస్సులో బడికి వచ్చే తొమ్మిదో తరగతి అమ్మాయిని ఊహించుకుందాం. తల్లిని అడిగితే, "దానికేముంది మేడమ్, బాగానే ఉండాది, పొద్దున లేస్తానే కడుపునొప్పి అంటాది, అంతే" అంటుంది. క్లాసు టీచరు, "నోట్లో నాలుక లేని పిల్లండీ, ఏ గొడవా లేదు" అని మెచ్చుకుంటారు. అమ్మాయి మాత్రం తన కాగితంలో దిగులు, భయం, ఒంటరిగా ఉండాలనిపించడం అన్నవాటికి ఎదురుగా కచ్చితంగా నిజం అని గుర్తు పెడుతుంది.

ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. అమెరికన్ మనస్తత్వవేత్త థామస్ ఆకెన్‌బాక్, ఆయన సహచరులు 1987లో 119 అధ్యయనాలను పోగుచేసి చూసినప్పుడు, పూర్తి ఏకీభావాన్ని 1గా, ఏ పొంతనా లేకపోవడాన్ని సున్నాగా తీసుకుంటే, తల్లిదండ్రుల్లా బిడ్డను ఒకేచోట చూసేవారి మధ్య పొంతన సగటున 0.60 ఉండగా, తల్లిదండ్రులకూ ఉపాధ్యాయులకూ ఉన్నట్టు వేర్వేరు చోట్ల చూసేవారి మధ్య అది 0.28కి, పిల్లలు తమ గురించి చెప్పినదానికీ ఇతరులు చెప్పినదానికీ మధ్య 0.22కి పడిపోయింది. 2015లో 341 అధ్యయనాలతో మళ్లీ లెక్క చూసినా మొత్తం సగటు 0.28 దగ్గరే నిలిచింది. తగవులు, అల్లరి వంటి బయటికి కనిపించే ప్రవర్తన విషయంలో పెద్దల మాటలు కొంత కలుస్తాయి. దిగులు, ఆందోళన విషయంలో అంతగా కలవవు. పెంకితనం చేసే పిల్లవాడు ఎలాగూ అందరి కంటా పడతాడు కనుక, నా దృష్టిలో ఎక్కువగా వెతకవలసింది బుద్ధిమంతులనిపించుకున్న పిల్లలలోనే.

పెద్దల నీడ మీద పడితే పిల్లల జవాబు మారిపోతుంది. అందుకే టీచరు పక్కన నిలబడని చోట, తల్లి తొంగిచూడని చోట కూర్చోబెట్టి కాగితం ఇవ్వాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 నియమావళి ప్రకారం తల్లిదండ్రుల సంతకంతో సరిపోదు. 12 ఏళ్లు దాటిన బిడ్డ తన సమ్మతిని కూడా రాసి ఇవ్వాలి. చెప్పినది గోప్యంగా ఉంటుందని, ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే మాత్రం పెద్దలకు తెలియజేయక తప్పదని ముందే చెప్పాలి. ఈ రెండో మాట దాచిపెట్టి పిల్లల నమ్మకం సంపాదించడం న్యాయం కాదు.

ఎవరి ఎదుట మనసు విప్పుతారన్నది సహాయం విషయంలోనూ తేడా తెస్తుంది. బిహార్ ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో జరిగి 2018లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, పిల్లల ఆరోగ్యం కోసం రూపొందించిన ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడుల్లో ఉపాధ్యాయులు, కొన్నింటిలో ఇందుకోసం శిక్షణ పొందిన సలహాదారులు నడిపారు. సలహాదారులు ఉన్న బడుల్లో వాతావరణం మెరుగుపడి, దిగులు లక్షణాలు, వేధింపులు తగ్గాయి. ఉపాధ్యాయులు నడిపిన చోట చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. సిలబస్, పరీక్షలు, పైనుంచి వచ్చే పనులు నెత్తిన ఉన్న ఉపాధ్యాయుణ్ణి ఇందుకు తప్పుపట్టలేం. మార్కులు వేసే మనిషితో మనసులోని భయం చెప్పుకోవడం పిల్లలకూ కష్టమే.

తిరుపతిలో హాస్టళ్లలో ఉండి ఇంటర్ చదివే పిల్లల సంగతికి వస్తే, మూడు కాగితాలలో ఒకటి దాదాపు ఖాళీ. ఆదివారం క్యారియర్ పట్టుకొని వచ్చే తల్లి బిడ్డను చూసేది గంటో రెండు గంటలో. అందులోనూ సగం, వారం పరీక్షలో ర్యాంకు ఎంత వచ్చిందన్న దగ్గరే గడిచిపోతుంది. లెక్చరరుకు తెలిసేది మార్కులు, వార్డెనుకు తెలిసేది హాజరు. కనుక ఆ పిల్లల విషయంలో వారి సొంత జవాబుకే బరువు ఎక్కువ ఇవ్వాలి. తిండి మానేయడం, నిద్ర పట్టకపోవడం, ఇష్టమైన ఆటకు కూడా పోకపోవడం రెండు వారాలకు మించి సాగితే, ర్యాంకు సంగతి పక్కన పెట్టి మనోవైద్యుణ్ణి సంప్రదించాలి.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సలహా సేవకు 14416 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. తల్లిదండ్రులే కాదు, పిల్లలు కూడా ఆ నంబరుకు నేరుగా ఫోన్ చేయవచ్చు.