దేశమంతటికీ ఒకే డిజిటల్ రేడియో ప్రమాణం: పర్లాకిమిడిలో కూర్చుని చూస్తే ఏది మేలు?

నమస్కారం అండి. ఈసారి రివ్యూలో ఫోను లేదు, టీవీ లేదు. టేబుల్ మీద రెండు రేడియోలు ఉన్నాయి, చూడండి. ఇది డిజిటల్ సెట్టు, తెలిసినవాళ్ళని అడిగి తెచ్చాను. ఇదేమో మన ఇళ్ళలో ఉండే మామూలు ట్రాన్సిస్టర్. అయితే రివ్యూ ఈ డబ్బాల మీద కాదు, వాటి వెనకాల ఉండే ప్రమాణం మీద, అంటే ప్రసారాన్ని ఏ పద్ధతిలో పంపాలి, సెట్టు దాన్ని ఎలా అందుకోవాలి అన్న నియమాల మీద. డీఆర్‌ఎం, హెచ్‌డీ రేడియో, డాబ్ ప్లస్ అని ప్రపంచంలో ప్రధానంగా మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. ఎఫ్‌ఎం బ్యాండు కోసం దేశమంతా ఒక్క పద్ధతే పెట్టుకోవాలని టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 అక్టోబర్ 3న కేంద్రానికి సిఫార్సు చేసింది. ఏ పద్ధతో మాత్రం పేరు పెట్టలేదు. వేలంలో తేలుస్తారో, ఇంకోలా తేలుస్తారో ప్రభుత్వమే చూసుకోవాలని వదిలేసింది.

ఫోను నచ్చకపోతే రెండేళ్ళకి మార్చేస్తాం. ఇది అలా కాదు. ఒకసారి ట్రాన్స్‌మిటర్లు నిలబెట్టి, కార్లలో చిప్పులు పెట్టి, జనం చేత సెట్లు కొనిపించాక వెనక్కి తిరగడం ఎవరి వల్లా కాదు. అందుకే ఇప్పుడే మాట్లాడుకోవాలి.

హైదరాబాద్‌లోనో ముంబయిలోనో కూర్చుని చూస్తే ఈ పోటీ అంతా పాట ఎంత శుభ్రంగా వినిపిస్తుంది, ఒక్కో ఫ్రీక్వెన్సీలో ఎన్ని ఛానెళ్ళు ఇరుకుతాయి అన్నదాని చుట్టూ తిరుగుతుంది. నేను పర్లాకిమిడిలో కూర్చుని చూస్తున్నాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం అటు, ఇప్పటి ఆంధ్ర వైపు, ఉండిపోయింది. ఇళ్ళలో తెలుగు, ఆఫీసులో ఒడియా, సంతలో రెండూ, కొండల మీదకి వెళ్తే సవర. ఇక్కడ రేడియో తిప్పేవాడి మొదటి ప్రశ్న వేరు. తెలుగు వస్తోందా, లేదా?

ఎఫ్‌ఎం తరంగం దాదాపు చూపు మేరకే పోతుంది. ట్రాన్స్‌మిటర్‌కీ మీకూ మధ్య కొండ అడ్డం వస్తే అక్కడితో సరి. మనకేమో తూర్పు కనుమలు. ఒక్క మహేంద్రగిరే 1501 మీటర్లు. మీడియం వేవ్ అలా కాదు. పగలు నేలను అంటిపెట్టుకుని పోతుంది, చీకటి పడ్డాక ఆకాశంలో బాగా పైనుండే పొర అయిన అయనోస్ఫియర్‌కి తగిలి వందల కిలోమీటర్ల అవతల దిగుతుంది. విశాఖపట్నం 927 కిలోహెర్ట్జ్, విజయవాడ 837, హైదరాబాద్ 738. ఈ అంకెలు మా పెద్దవాళ్ళకి ఫోన్ నంబర్లకన్నా బాగా గుర్తు. గుణుపురంలో గానీ రాయగడలో గానీ తెలుగు వార్తలు విన్నవాళ్ళు వీటి మీదే విన్నారు, అదీ బుసబుసల మధ్య.

ఇప్పుడు మూడు పద్ధతులనీ ఈ కళ్ళతో చూద్దాం.

డాబ్ ప్లస్‌ని త్వరగా ముగించేస్తాను. యూరప్‌లో బాగా నడుస్తోంది, నాణ్యతకి వంక పెట్టలేం. కానీ అది ఎఫ్‌ఎం బ్యాండులో పనిచేయదు. టీవీకి ఉండే 174 నుంచి 230 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న బ్యాండులో పనిచేస్తుంది. పైగా ఒక్కో స్టేషనుకి సొంత ఫ్రీక్వెన్సీ అనే బండి ఉండదు, అందరూ ఒకే బస్సు ఎక్కాలి. ఒక్కో బస్సు వెడల్పు 1.536 మెగాహెర్ట్జ్, అందులో పదీ పదిహేను స్టేషన్లు. నగరానికి సరే. రెండు మూడు స్టేషన్లు కూడా గట్టిగా లేని జిల్లాలో ఆ బస్సు ఖాళీగా తిరుగుతుంది. నార్వే 2017లో జాతీయ స్థాయి ఎఫ్‌ఎం ఆపేసి మొత్తం దీని మీదకి వెళ్ళింది. డబ్బున్న దేశం, చిన్న జనాభా, చెల్లింది. ట్రాయ్ మాట్లాడుతున్నదే ఎఫ్‌ఎం బ్యాండు గురించి కాబట్టి, దీన్ని పక్కన పెట్టి మిగతా రెండింటికి వద్దాం.

హెచ్‌డీ రేడియో అమెరికాది. అక్కడ 2002లో అనుమతి వచ్చింది. ఇప్పుడున్న ఎఫ్‌ఎం సిగ్నల్‌ని కదపకుండా దానికి రెండు వైపులా డిజిటల్ సిగ్నల్ అతికిస్తారు. మొత్తం 400 కిలోహెర్ట్జ్ వెడల్పు పడుతుంది. దీంట్లో నాకు నిజంగా నచ్చింది ఒకటుంది. కారు వెళ్తూ వెళ్తూ డిజిటల్ సిగ్నల్ పోయిందనుకోండి, అదే పాట మామూలు ఎఫ్‌ఎంలోకి జారుకుంటుంది. వినేవాడికి నాణ్యత కొంచెం తగ్గినట్టు తెలుస్తుంది తప్ప పాట ఆగదు. ఘాట్ రోడ్డు మీద తిరిగేవాళ్ళకి దీని విలువ తెలుస్తుంది. డీఆర్‌ఎంలోనూ అదే కార్యక్రమం ఫలానా ఎఫ్‌ఎంలో ఉందని రేడియోకి చెప్పే ఏర్పాటు ఉంది గానీ, హెచ్‌డీలో ఇది పుట్టుకతోనే ఉంది.

నచ్చనిది కూడా చెప్తాను. దీని సాంకేతికత ఒక కంపెనీ చేతిలో ఉంది, ఇప్పుడు ఎక్స్‌పెరి అనే సంస్థ. సెట్టు తయారుచేసేవాళ్ళు వాళ్ళ లైసెన్స్ తీసుకోవాలి. డీఆర్‌ఎం అలా కాదు, ప్రమాణం మొత్తం అచ్చువేసి అందరి ముందూ పెట్టారు. అలాగని డీఆర్‌ఎం ఉచితం అనుకోకండి, అందులోనూ పేటెంట్ రుసుములు ఉన్నాయి. తెరిచి ఉన్న ప్రమాణం అంటే పైసా ఖర్చు లేనిదని కొంతమంది చెప్తున్నారు, అది తప్పు.

ఇక డీఆర్‌ఎం. మన ఆకాశవాణి దీన్ని ఎప్పుడో ఎంచుకుంది. 2009లో ఢిల్లీ దగ్గర ఖాంపూర్‌లో షార్ట్‌వేవ్ మీద మొదలుపెట్టి, తర్వాత మీడియం వేవ్ మీద దాదాపు 35 ట్రాన్స్‌మిటర్లను దీనికి తగ్గట్టు పెట్టింది. ఎఫ్‌ఎం బ్యాండులో కూడా ఇదే పద్ధతి పనిచేస్తుంది, అక్కడ దీనికి 96 కిలోహెర్ట్జ్ చాలు. అంటే హెచ్‌డీ తీసుకునే దానిలో నాలుగో వంతు. నగరాల్లో దీని గురించే పెద్ద వాదన. మనకి ఆ వాదన పట్టదు. గజపతి జిల్లాలో ఎఫ్‌ఎం ముల్లు ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పితే సగం ఖాళీయే, ఆదా చేసి ఎవరికివ్వాలి?

మనకి కావలసింది ఇంకోచోట ఉంది. ఒకే ప్రమాణం, ఒకే సెట్టు, మీడియం వేవ్‌లోనూ ఎఫ్‌ఎంలోనూ. హెచ్‌డీ వాళ్ళకి కూడా ఏఎంలో, అంటే ఈ మీడియం వేవ్ మీద, ఒక రూపం ఉంది, కానీ అమెరికాలోనే దాన్ని వాడే స్టేషన్లు తక్కువ, మన దగ్గర దానికి ఒక్క ట్రాన్స్‌మిటర్ కూడా పెట్టుకోలేదు. రేపు ఎఫ్‌ఎంకి హెచ్‌డీ అన్నారనుకోండి. ప్రైవేటు స్టేషన్లకి ఒక చిప్పు, ఆకాశవాణి మీడియం వేవ్‌కి ఇంకో చిప్పు. రెండూ ఉన్న సెట్టు తయారుచేయొచ్చు, కష్టమేం కాదు. ధర పెరుగుతుంది. ధర తగ్గించాలంటే తయారీదారు దేన్ని తీసేస్తాడు? నగరంలో ఎవరూ వినని మీడియం వేవ్‌ని తీసేస్తాడు. అంటే కొండ దాటి మన దాకా వచ్చే ఒకే ఒక్క దారి మూసుకుపోతుంది. నా వాదన మొత్తం ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

సరే, సెట్టు ఆన్ చేసి చూద్దాం. రాత్రి తొమ్మిది దాటింది. దూరపు ఆకాశవాణి కేంద్రం ఒకటి పట్టుకున్నాను.

[రేడియో ధ్వని]

వింటున్నారా? మీడియం వేవ్ అంటే నమ్ముతారా దీన్ని? గొంతు పక్క గదిలోంచి వస్తున్నట్టు ఉంది. తెర మీద స్టేషన్ పేరు కూడా వచ్చింది. ఇప్పుడు ఈ ఎల్‌ఈడీ బల్బు దగ్గరకి జరుపుతాను.

[నిశ్శబ్దం]

పోయింది. గరగర లేదు, బుస లేదు, ఏమీ లేదు. అదే ట్రాన్సిస్టర్‌లో మామూలు సిగ్నల్ పెట్టి బల్బు దగ్గరకి తెస్తే చెవులు చిల్లులు పడేంత గోల వస్తుంది గానీ, ఆ గోల వెనకాల మాట అర్థమవుతూనే ఉంటుంది. డిజిటల్‌లో మధ్య స్థితి లేదు. వస్తే పూర్తిగా వస్తుంది, లేకపోతే లేదు. చవక బల్బులు, ఇన్వర్టర్లు, మొబైల్ ఛార్జర్లు ఇన్ని ఉన్న ఇళ్ళలో మీడియం వేవ్ డిజిటల్‌కి ఇదే పెద్ద పరీక్ష. డీఆర్‌ఎం నా ఎంపికే అయినా, ఈ విషయంలో మార్కులు కోసేస్తాను.

తుపాను సంగతి చెప్పకుండా ఈ జిల్లాలో రేడియో గురించి మాట్లాడలేం. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖని కొట్టింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం తాకి, లోపలికొచ్చి గజపతి జిల్లాని ముంచింది. కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. అలాంటప్పుడు ముందు కరెంటు పోతుంది, తర్వాత సెల్ టవర్ల బ్యాటరీలు అయిపోతాయి, ఆ తర్వాత మీ దగ్గర ఎంత మంచి ఫోను ఉన్నా టార్చిలైటుకే పనికొస్తుంది. వందల కిలోమీటర్ల అవతల, తుపాను తాకని ఊళ్ళో ఉన్న ట్రాన్స్‌మిటర్ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది.

డీఆర్‌ఎంలో అత్యవసర హెచ్చరిక అనే ఏర్పాటు ఉంది. దానికి తగిన సెట్టయితే, స్టాండ్‌బైలో ఉన్నా తానే లేచి, హెచ్చరిక వచ్చే ఛానెల్‌కి మారి, గొంతుతో పాటు తెర మీద అక్షరాలూ చూపిస్తుంది. ఆ అక్షరాలు ఒకేసారి రెండు మూడు భాషల్లో పంపొచ్చు. మిగతా ప్రమాణాల్లోనూ హెచ్చరికల ఏర్పాట్లు ఉన్నాయి, లేవనను. కానీ కొండ దాటి వచ్చే మీడియం వేవ్ మీద ఇది ఉండటం వేరు. చిక్కేమిటంటే, ఈ సదుపాయం అన్ని సెట్లలోనూ ఉండాలని ఎవరైనా నియమం పెట్టాలి. ఐచ్ఛికం అంటే తయారీదారు వదిలేస్తాడు.

ఇంకొకటి, ఇది నాకు మహా ఇష్టమైన భాగం. ట్రాయ్ సిఫార్సులో ఒక్కో ఫ్రీక్వెన్సీ మీద ఒక అనలాగ్ (ఇప్పుడున్న మామూలు రకం) ఛానెల్, మూడు డిజిటల్ ఛానెళ్ళు, ఒక డేటా ఛానెల్ అని ఉంది. ఆ లెక్క ప్రైవేటు వాళ్ళ కోసం వేసింది. కాసేపు ఆ లెక్కని మన ప్రాంతపు ఆకాశవాణికి వర్తింపజేయండి. ఒకే స్తంభం మీద నుంచి ఒకదాంట్లో ఒడియా, ఇంకొకదాంట్లో తెలుగు, మూడోదాంట్లో సవర. ఇవాళ ఒకే ఛానెల్ ఉంది కాబట్టి భాషలు గంటలు పంచుకోవాలి, తెలుగుకి ఎంతసేపు అని పేచీ వస్తుంది. మూడు ఛానెళ్ళుంటే పేచీకి చోటే లేదు. గిడుగు రామమూర్తి గారు ఈ పర్లాకిమిడిలోనే బడిపంతులుగా ఉండి సవర నేర్చుకుని, ఆ భాషకి పుస్తకాలు రాశారు. ఆయన తిరిగిన ఊళ్ళో సవరకి పూర్తి రోజు రేడియో ఛానెల్ ఉంటే ఎంత బాగుంటుంది! ఈ పని హెచ్‌డీతోనూ చేయొచ్చు, న్యాయంగా ఒప్పుకోవాలి. ఛానెల్ ఎవరికివ్వాలన్నది ఏ ప్రమాణమూ నిర్ణయించదు, ఆఫీసులో సంతకం పెట్టేవాళ్ళు నిర్ణయిస్తారు.

ఇప్పుడు చేదు విషయం. సిఫార్సు ప్రకారం ప్రైవేటు డిజిటల్ రేడియో మొదట వచ్చేది 13 నగరాలకి. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, ఇంకో తొమ్మిది. తెలుగువాళ్ళ వైపు నుంచి హైదరాబాద్ ఉంది. ఒడిశా నుంచి ఒక్కటీ లేదు. వ్యాపారం ఉన్నచోట ముందు పెడతారు, అందులో తప్పేం లేదు. కానీ ఆ 13 నగరాల అవసరాలు చూసి ప్రమాణం ఎంచుకుంటే, అదే ప్రమాణం తర్వాత మన నెత్తిన పడుతుంది. ప్రమాణం దేశానికి ఒకటే అన్నారుగా మరి.

సెట్ల సంగతి ఇంకా దారుణం. మా ఊరి బజారులో డిజిటల్ రేడియో అడిగితే బ్లూటూత్ స్పీకర్ చూపించారు. ఆకాశవాణి ఇన్నేళ్ళుగా డీఆర్‌ఎంలో ప్రసారం చేస్తున్నా, వినే పరికరం మామూలు మనిషి కొనే ధరలో దుకాణంలోకి రాలేదు. ప్రసారం ముందు వచ్చి సెట్టు రాకపోతే ఏమవుతుందో మనం చూస్తూనే ఉన్నాం. ఫోన్లలో ఎఫ్‌ఎం ఆపొద్దని 2023లో కేంద్రం తయారీదారులకి సూచన చేసింది. ఇయర్‌ఫోన్ తీగే అందులో యాంటెన్నా, ఇప్పుడు చాలా ఫోన్లకి ఆ రంధ్రమే లేదు.

కాబట్టి నా తీర్పు. ప్రమాణంగా డీఆర్‌ఎంకి ఓటు, మీడియం వేవ్ కూడా ఉన్న సెట్టు అన్న షరతుతో. హెచ్‌డీలో లాగా పాట ఆగకుండా అనలాగ్‌కి జారే ఏర్పాటు తప్పనిసరి చేయాలి. అనలాగ్ మాత్రం ఇప్పట్లో ఆపొద్దు. ట్రాయ్ కూడా దాన్ని ఎప్పుడు ఆపాలో తేదీ పెట్టకుండా, పురోగతి చూసి తర్వాత నిర్ణయించాలంది, అది మంచి మాట. స్విట్జర్లాండ్ ప్రభుత్వ రేడియో 2024 చివర్లో ఎఫ్‌ఎం ఆపేసి శ్రోతల్ని పోగొట్టుకుంది. ఇంటింటా డిజిటల్ సెట్లున్న దేశం అది. మన సంగతి వేరే చెప్పాలా?

ఇప్పుడే డిజిటల్ సెట్టు కొనాలా అని అడుగుతారు. వద్దు. డబ్బు దాచుకోండి, ప్రమాణం తేలనివ్వండి. ఆ మూడు సెల్లుల ట్రాన్సిస్టర్‌ని మాత్రం పాత సామాన్లవాడికి ఇచ్చేయకండి, అక్టోబర్ ప్రతి ఏడూ వస్తుంది.

ఒకటి మాత్రం ఖర్చు లేకుండా చేయొచ్చు. మా బావ కారు తెర మీద డీఆర్‌ఎం అనే గుర్తు చూపించి, "ఏటోయ్ ఇది, కొన్నప్పుడు ఎవరూ చెప్పనేదు" అన్నాడు. హ్యుందాయ్, మారుతి, మహీంద్రా, టయోటా కంపెనీల కార్లలో కొన్ని మోడళ్ళకి ఇది కంపెనీ నుంచే వస్తోంది, చాలామందికి ఉన్నట్టే తెలియదు. రేడియోలో ఏఎం బ్యాండుకి వెళ్ళండి. స్టేషన్లు వెతకమని నొక్కండి. మామూలు ఫ్రీక్వెన్సీకి కొంచెం పక్కన డిజిటల్ సిగ్నల్ ఉంటుంది, దాని మీద ఆగాక శబ్దం రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది, వెంటనే ముందుకి తిప్పేయకండి. పగలు ఏమీ దొరక్కపోతే చీకటి పడ్డాక, కరెంటు తీగలకి దూరంగా కారు ఆపి చూడండి. ఏ ఊళ్ళో, ఏ ఫ్రీక్వెన్సీ మీద, ఎన్ని గంటలకి పట్టుకుందో కింద రాయండి. జయపురం, కొరాపుట్, మల్కన్‌గిరి వైపు వాళ్ళు తప్పకుండా రాయండి, అటు వైపు తెలుగు ఎంతవరకు అందుతుందో ఊరి పేర్లతో ఒక మ్యాపు గీసి వచ్చే వీడియోలో పెడతాను.