వేళ్లా, నాలుకా? క్లారినెట్ ఆడిషన్‌కి వేగం పెంచే సాధన

హోస్ట్: నమస్కారం. ఆర్కెస్ట్రా ఆడిషన్‌కి సిద్ధమవుతున్న క్లారినెట్ వాద్యకారుల కోసం ఈ ఎపిసోడ్. ఎంతకీ లొంగని చోట్లని కోరిన వేగానికి తేవడం ఎలా? మేడమ్, నిదానంగా మొదలుపెట్టి, మెట్రోనోమ్, అంటే లయకి టిక్కుమనే పరికరం వేగాన్ని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పొమ్మంటారు అందరూ. అది చాలదా?

గెస్ట్: చాలదండీ. నిదానంగా వాయించడం అవసరమే. కానీ నిమిషానికి 60 బీట్ల వేగంలో వేలు రెండు సెంటీమీటర్లు పైకి లేచినా ఏమీ తేడా తెలీదు. 126లో అదే వేలు సమయానికి కిందికి రాదు. అందుకే మెట్రోనోమ్ పెంచే ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. అడ్డుపడుతున్నది వేళ్లా, నాలుకా?

హోస్ట్: అదెలా తెలుస్తుంది?

గెస్ట్: ముందు ఆ భాగాన్ని మొత్తం స్లర్‌లో, అంటే స్వరాలని విడదీసే నాలుక తగలకుండా ఒకే ఊపిరిలో, అసలు వేగంలో వాయించండి. తర్వాత అదే లయని ఓపెన్ జీ, అంటే ఏ రంధ్రమూ మూయకుండా వచ్చే స్వరం ఒక్కదాని మీద నాలుకతో వాయించండి. మొదటిది తడబడితే లోపం వేళ్లలో ఉంది, రెండోది తడబడితే నాలుకలో. విడివిడిగా రెండూ బాగుండి, కలిపినప్పుడే చెడితే రెంటికీ పొంతన కుదరలేదన్నమాట. ఈ మూడో రకాన్నే చాలామంది నాలుక బలహీనత అనుకుని వారాల తరబడి వేరే సాధన చేస్తుంటారు.

హోస్ట్: మెండెల్సన్ ‘మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’లోని స్కెర్జో అనే వేగమైన భాగాన్ని ఆడిషన్లలో తరచూ అడుగుతారు కదా. దానికి లెక్క చెప్పండి.

గెస్ట్: అది 3/8 తాళం. సిక్స్‌టీంత్‌లనే పొట్టి స్వరాలతో నిండిన ఒక్కో బార్‌లో, అంటే తాళపు ఆవర్తనంలో, ఆరు స్వరాలుంటాయి. బార్‌కో బీట్ చొప్పున 84 పెడితే నిమిషానికి 504 స్వరాల వేగం. నాలుగేసి స్వరాల గుంపుల్లో చూస్తే అది 126. 88 పెడితే 132. కాబట్టి నాలుక పరీక్ష 126కీ 132కీ మధ్య చేయాలి.

హోస్ట్: పొంతన కుదరనివాళ్లు ఏం చేయాలి?

గెస్ట్: మెట్రోనోమ్ 60 మీద పెట్టి, బీట్‌కి ఒక్క స్వరం, చాలా పొట్టిగా. స్వరం ఆగగానే నాలుక కొస రీడ్, అంటే ఊదేచోట కంపించే పలుచటి పుల్ల మీదే ఉండాలి, లోపల గాలి ఒత్తిడి తగ్గకూడదు. ఆ నిశ్శబ్దంలోనే వేళ్లు తర్వాతి స్వరానికి టక్కున వెళ్లిపోయి సిద్ధంగా ఉండాలి. బీట్ రాగానే నాలుక వదలడమే. ఇక్కడ జరిగే పొరపాటు, నాలుకతోపాటు గాలినీ ఆపేయడం. అలా చేస్తే ప్రతి స్వరాన్నీ కొత్తగా మొదలుపెట్టినట్టవుతుంది, వేగం రాదు.

హోస్ట్: లోపం వేళ్లదైతే?

గెస్ట్: నాలుగు బార్లూ కష్టం కాదండీ, ఎక్కడో రెండు స్వరాల మధ్యే కష్టం ఉంటుంది. దాన్ని పట్టుకోండి. బ్రేక్, అంటే కింది స్వరాల వరస నుంచి పై వరసకి దాటే చోట చూడండి. ‘ఏ’ (A) స్వరానికి ఎడమ చూపుడువేలు ఒక్కటి చాలు, ‘బీ’ (B) స్వరానికి బొటనవేలితో కలిపి ఎనిమిది వేళ్లు కావాలి. ఒక్క రంధ్రం సరిగ్గా మూసుకోకపోయినా కీచుమంటుంది. ‘ఏ’ స్వరం వాయిస్తున్నప్పుడే కుడిచేతి మూడు వేళ్లనీ, చిటికెన వేలినీ మూసి ఉంచండి. అప్పుడు కదలాల్సింది ఎడమచేయి ఒక్కటే.

కొన్ని స్వరాలు కుడి, ఎడమ చిటికెన వేళ్లలో దేనితోనైనా వస్తాయి, అందుకే వాటి వరస వెనకనుంచి నిర్ణయించాలి. బీ, సీ షార్ప్, డీ షార్ప్ వచ్చిందనుకోండి. ఎక్కువమంది వాడే బోహ్మ్ రకం క్లారినెట్ మీద డీ షార్ప్ కుడివైపే ఉంటుంది. కాబట్టి సీ షార్ప్ ఎడమ, బీ కుడి. కాగితం మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, ఇక మార్చకండి.

హోస్ట్: ఆ రెండు స్వరాలనీ పట్టుకున్నాక?

గెస్ట్: వాటిని మొదటినుంచీ పూర్తి వేగంలోనే వాయించండి, రెండే కాబట్టి చేయగలరు. తర్వాత ఒక బీట్ ఆగండి. ఆ విరామంలో భుజాలు, కుడి బొటనవేలు వదులు చేయండి. తర్వాత మూడు స్వరాలు, తర్వాత నాలుగు. బీట్‌కి నాలుగు స్వరాలుంటే గుంపు నాలుగుతో ఆపకండి, తర్వాతి బీట్ మీది ఐదో స్వరం దాకా వెళ్లాలి. లేకపోతే గుంపుల అతుకు దగ్గరే తెగుతుంది. భాగం చివరినుంచి వెనక్కి కూడా ఇలాగే కట్టుకుంటూ రండి. ఎప్పుడూ మొదటినుంచే మొదలుపెడితే మొదటి బార్ గట్టిపడుతుంది, చివరిది పచ్చిగానే మిగులుతుంది.

హోస్ట్: డాటెడ్ రిథమ్‌తో, అంటే ఒక స్వరం పొడుగ్గా, మరోటి పొట్టిగా వాయిస్తూ సాధన చేయమంటారు కదా?

గెస్ట్: పొట్టి స్వరం నిజంగా అసలు వేగంలో పడితేనే దానివల్ల లాభం. బద్ధకంగా ఊగుతూ వాయిస్తే సమయం వృథా.

హోస్ట్: ఆడిషన్ దగ్గరపడ్డాక?

గెస్ట్: కోరిన వేగానికి మెట్రోనోమ్‌లో ఎనిమిది బీట్లు పైన, ఎనిమిది కింద కూడా వాయించగలగాలి. కమిటీ వేగం మార్చమనొచ్చు. రోజూ మెట్రోనోమ్ రెండు బార్లు విని ఆపేసి, ఒకే ఒక్కసారి వాయించి ఫోన్‌లో రికార్డు చేయండి. దాన్ని సగం వేగంలో వినండి. తొందరపడిన స్వరాలు అప్పుడు విడిగా వినబడతాయి, మర్నాటి పని వాటితో మొదలుపెట్టండి. ఇంకోటి, నాలుక తేలిగ్గా ఆడుతుందని మరీ మెత్తటి రీడ్‌కి మారొద్దు. పై స్వరాల శ్రుతి కిందికి జారుతుంది.