ఆఫీసులో ఇంటర్నెట్ కాల్స్: మీ మాట ఎవరెవరి చెవిన పడుతోంది?

నమస్కారం. ముందు ఇది వినండి.

"హలో, పోయిన నెల జీతాల షీట్ పంపించారా?"

నా టేబుల్ మీదున్న రెండు ఐపీ ఫోన్ల (నెట్‌వర్క్ మీద నడిచే ఫోన్ల) మధ్య నేనే చేసుకున్న కాల్ ఇది. మీరు విన్నది మాత్రం ఆ ఫోన్ల నుంచి కాదు, పక్కనున్న మూడో లాప్‌టాప్ నుంచి. నెట్‌వర్క్ తీగలన్నీ కలిసే స్విచ్‌లో మిర్రర్ పోర్ట్ (మిగతా పోర్టుల్లో వెళ్లేదాని నకలు వచ్చే చోటు) పెట్టి ఆ లాప్‌టాప్‌ని తగిలించాను, అంతే. మీరు చేసి చూడాలంటే సొంత టెస్ట్ నెట్‌వర్క్‌లోనే చేయండి. అనుమతి లేకుండా ఇంకొకరి కాల్స్ పట్టుకుంటే కేసవుతుంది.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. ఇది వైర్‌షార్క్, నెట్‌వర్క్‌లో వెళ్లే డేటాని పట్టి చూపించే సాఫ్ట్‌వేర్, ఉచితంగా దొరుకుతుంది. పైన టెలిఫోనీ మెనూ, అందులో వాయిప్ కాల్స్, అంటే ఇంటర్నెట్ కాల్స్. ఇదిగో, ఎవరు ఎవరికి చేశారో, ఎప్పుడు చేశారో అన్నీ వచ్చేశాయి. కాల్‌ని ఎంచుకుని ప్లే స్ట్రీమ్స్ నొక్కాను. ఇందాక మీరు విన్నది అదే. పాస్‌వర్డ్ ఏదీ కనిపెట్టక్కర్లేదు. ఆర్‌టీపీ (కాల్‌లో గొంతుని మోసే పద్ధతి) ప్యాకెట్లలో గొంతు ఉన్నదున్నట్టు వెళ్లిపోతోంది మరి.

ఎన్‌క్రిప్షన్ పెడితే సరి అంటారా? పెడదాం. ఫోన్ సెట్టింగుల్లో ఎస్ఆర్‌టీపీ, అంటే గొంతుకి తాళం వేసి పంపే ఆర్‌టీపీ, ఆన్. మళ్లీ కాల్ చేశాను, మళ్లీ ప్లే నొక్కాను... గరగర తప్ప ఏమీ లేదు. చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. కాస్త ఆగండి. కాల్ మొదలయ్యేటప్పుడు వెళ్లే ఇన్వైట్ మెసేజ్ తెరుస్తున్నాను. కిందికి వస్తే, క్రిప్టో అని ఒక లైన్ ఉంది చూశారా? దాని చివర పొడుగ్గా ఉన్న అక్షరాల దండే తాళంచెవి. తలుపుకి తాళం వేసి, చెవిని గుమ్మానికి వేలాడదీశామన్నమాట! అందుకని ఈ మెసేజ్ వెళ్లే ఎస్ఐపీని (కాల్ కలిపే పద్ధతిని) కూడా టీఎల్ఎస్ అనే ఎన్‌క్రిప్షన్‌లోకి మార్చాలి. పోర్టు 5060 బదులు మామూలుగా 5061 వాడతారు. మార్చాను, ఫోన్లు రీబూట్ అవుతున్నాయి.

అవి లేచేలోపు ఆ 5060 సంగతి చూద్దాం. పీబీఎక్స్ సర్వర్‌ని (ఆఫీసు కాల్స్ అన్నీ కలిపే ఎక్స్ఛేంజ్‌ని) ఆ పోర్టు మీద నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచిపెడితే బాట్లు (వాటంతటవే వెతికే దొంగ ప్రోగ్రాములు) వచ్చి తలుపు తడుతూనే ఉంటాయి. ఈ లాగ్ చూడండి: 100, 101, 102... ఎక్స్‌టెన్షన్లు (ఆఫీసులో ఒక్కో ఫోన్ నంబర్) వరసపెట్టి ప్రయత్నిస్తోంది. 101కి పాస్‌వర్డ్ కూడా 101 అని పెట్టే మహానుభావులు ఎక్కడైనా ఉంటారు కదా! అలాంటిదొకటి దొరికిందా, ఆ బాట్ వెనకున్న దొంగకి మీ కబుర్లతో పనిలేదు. మీ లైన్ మీద విదేశీ ప్రీమియం (నిమిషానికి ఎక్కువ డబ్బు పడే) నంబర్లకు కాల్స్ కొట్టిస్తాడు. ఆ డబ్బులో వాటా వాడిది, బిల్లు మీది. వారాంతాలంటే వాడికి మరీ ఇష్టం, సోమవారం దాకా ఎవరూ చూడరు కాబట్టి. నన్నడిగితే చిన్న ఆఫీసుకి దొంగచాటుగా వినేవాడికంటే వీడితోనే ఎక్కువ టెన్షన్. పీబీఎక్స్‌ని వీపీఎన్ (మీవాళ్లు మాత్రమే వచ్చే రహస్య దారి) వెనక పెట్టండి. అవసరం లేని ఎక్స్‌టెన్షన్లకు అంతర్జాతీయ కాల్స్ ఆపేయండి. రోజుకి ఇంతకు మించి ఖర్చు కాకుండా ప్రొవైడర్‌తో పరిమితి పెట్టించండి.

"మాకు పీబీఎక్సే లేదు, అంతా యాప్‌లోనే" అంటారా? 2019 మేలో వాట్సాప్‌లో ఒక లోపం బయటపడింది. కాల్ ఎత్తకపోయినా సరే, ఫోన్‌లోకి పెగాసస్ అనే స్పైవేర్ (నిఘా సాఫ్ట్‌వేర్) దిగిపోయేది. 2023 మార్చిలో ఆఫీసు కాల్స్‌కి వాడే త్రీసీఎక్స్ డెస్క్‌టాప్ యాప్‌కి కంపెనీ నుంచి వచ్చిన అసలు అప్‌డేట్‌లోనే మాల్‌వేర్ దొరికింది. మొదటిదానికి మందు అప్‌డేటే, రెండోదానిలో జబ్బు తెచ్చింది కూడా అప్‌డేటే. అలాగని అప్‌డేట్లు మానేయకండి. ఏ మెషీన్‌లో ఏ యాప్, ఏ వెర్షన్ ఉందో మీ దగ్గర రాసి ఉండాలి, అలాంటి వార్త రాగానే అరగంటలో తీసేయగలగాలి. యాప్‌లన్నీ నిషేధిస్తూ సర్క్యులర్ వేస్తే జనం సొంత అకౌంట్లలో చాటుగా మాట్లాడుకుంటారు. అప్పుడు ఆ జాబితా కూడా మీ చేతిలో ఉండదు.

ఫోన్లు లేచాయి. కాల్ చేస్తున్నాను... మాట్లాడాను, పెట్టేశాను. టెలిఫోనీ, వాయిప్ కాల్స్. జాబితా ఖాళీ. కింద ప్యాకెట్లలో ఏ ఐపీ నుంచి ఏ ఐపీకి, ఎంతసేపు అన్నది మాత్రం ఇంకా కనిపిస్తోంది, అది దాగదు. కాల్ తాళంచెవి, మధ్యలో ఉన్న పీబీఎక్స్ చేతికి కూడా వెళ్తుంది, కాబట్టి దాని అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరెవరి దగ్గరుందో ఇవాళే కనుక్కోండి.