ఐదు డాలర్ల వాటా, నల్ల నక్షత్రపు ఓడ

నమస్కారం. నల్లజాతి నాయకుడు మార్కస్ గార్వీ గురించిన ఈ పాఠాన్ని ఒక ఓడ బొమ్మతో మొదలుపెడదాం. తెర మీదున్న కరపత్రం 1920ల తొలినాళ్లది. ఓడ ముందు భాగాన రాసిన పేరు చూడండి: ఫిలిస్ వీట్లీ. బానిసగా అమెరికా చేరి, కవయిత్రిగా నిలిచిన నల్లజాతి స్త్రీ పేరు అది. ఓడ అసలు పేరు మాత్రం ఒరాయన్. దాన్ని కొనడానికి గార్వీ సంస్థ బేరం నడుపుతోంది, ఓడ ఇంకా చేతికి రాలేదు. ఈ బొమ్మ గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

మార్కస్ గార్వీ 1887లో జమైకాలో పుట్టాడు. అచ్చాఫీసులో పని నేర్చుకున్నాడు. మధ్య అమెరికాలో, లండన్‌లో తిరిగి, 1914లో జమైకాలోని కింగ్‌స్టన్‌లో ఎమీ ఆష్‌వుడ్ అనే యువతితో కలిసి, నల్లజాతి అభ్యున్నతి కోసం యూనివర్సల్ నీగ్రో ఇంప్రూవ్‌మెంట్ అసోసియేషన్ స్థాపించాడు. అక్కడ అది పెద్దగా ఎదగలేదు. 1916లో అమెరికా వెళ్లి, న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో నిలదొక్కుకున్నాకే దానికి ఊపిరి వచ్చింది.

ఎందుకంటే అది సరిగ్గా ఆ కాలం. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా తరఫున పోరాడి వచ్చిన నల్లజాతి సైనికులు 1919లో సొంత ఊళ్లలోనే మూకదాడులకు గురయ్యారు. అలాంటి రోజుల్లో ఒక మనిషి వీధిలో నిలబడి, మనకు ఒక చరిత్ర ఉంది, ఆఫ్రికా అనే ఒక ఖండం ఉంది, ఇక మన ఓడలు కూడా ఉండాలి అన్నాడు. జనం వినకుండా ఎలా ఉంటారు?

ఆ ఏడాదే గార్వీ ఓడల సంస్థ బ్లాక్ స్టార్ లైన్ పుట్టింది. టైటానిక్‌ను నడిపిన సంస్థ వైట్ స్టార్ లైన్ కదా, ఈ పేరే దానికి జవాబు. వాటా ధర 5 డాలర్లు. కొనే హక్కు నల్లజాతి వారికే. ఇళ్లలో వంటచేసేవారు, బట్టలుతికేవారు, కూలీలు పైసా పైసా కూడబెట్టి కొన్నారు. నన్ను అన్నిటికన్నా కదిలించేది ఈ విషయమే.

మొదటి ఓడ యార్మత్. గార్వీ పుట్టిన ఏడే నీళ్లలోకి దిగిన ముసలి ఓడ, యుద్ధకాలంలో బొగ్గు మోసింది. దానికి 1,65,000 డాలర్లు చెల్లించారు. తర్వాత కొన్నవీ అలాంటివే. మరమ్మతుల ఖర్చు సంస్థను మింగేసింది.

అయినా 1920 ఆగస్టులో హార్లెమ్ వీధులు గార్వీ అనుచరుల ఊరేగింపుతో నిండిపోయాయి. ఉద్యమపు ఎరుపు, నలుపు, ఆకుపచ్చ జెండా అప్పుడే రూపు దిద్దుకుంది. మరోవైపు, అమెరికా న్యాయశాఖ యువ అధికారి జె. ఎడ్గార్ హూవర్ గార్వీ మీద కేసు కోసం వెతుకుతున్నాడు. ఉద్యమంలోకి చొరబడడానికి ప్రత్యేకంగా ఒక నల్లజాతి ఏజెంటును నియమించారు.

అయితే దెబ్బలన్నీ బయటినుంచే రాలేదు. 1922లో గార్వీ, తెల్లజాతి ఆధిక్యవాద ముఠా కూ క్లక్స్ క్లాన్ నాయకుడొకరిని అట్లాంటాలో కలిశాడు. జాతులు వేరుగా ఉండాలన్న చోట ఇద్దరి మాటా ఒకటేనని అతని లెక్క. తమవారిని ఉరితీసిన ముఠాతో మాటలా అని సొంతవారే మండిపడ్డారు. ఆ కోపం న్యాయమైనదేనని నేను అనుకుంటాను. ఒకప్పుడు ఉద్యమ నాయకుల్లో ఒకడై, తర్వాత తెగతెంపులు చేసుకున్న జేమ్స్ ఈసన్‌ను 1923 జనవరిలో న్యూ ఆర్లీన్స్‌లో కాల్చి చంపారు. గార్వీ మీద నడుస్తున్న మోసం కేసులో ఆయన సాక్ష్యం చెప్పవలసి ఉంది.

ఇప్పుడు మళ్లీ మన ఓడ బొమ్మ. లేని ఓడను ఉన్నట్టు చూపి, తపాలా ద్వారా వాటాలు అమ్మి మోసం చేశారన్నది అభియోగం. నలుగురిని విచారించి ముగ్గురిని వదిలేశారు. గార్వీని ఒకే ఒక్క అంశంలో దోషి అన్నారు. దానికి ఆధారం ఒక వాటాదారుకు వచ్చిన ఖాళీ కవరు. అందులో ఏముండేదో ఆ మనిషికే గుర్తులేదు. శిక్ష అయిదేళ్లు. 1927లో అధ్యక్షుడు కూలిడ్జ్ శిక్ష తగ్గించగానే దేశం నుంచి పంపించేశారు. 1940లో గార్వీ లండన్‌లో చనిపోయాడు. ఆఫ్రికా నేల మీద ఒక్కసారీ అడుగు పెట్టలేదు.

అమెరికా క్షమాభిక్ష 2025 జనవరిలో వచ్చింది. అంతకు చాలా ముందే, 1957లో, ఘనా స్వతంత్ర దేశమైంది. ఆ దేశపు జెండా మధ్యలో చూడండి, నల్ల నక్షత్రం. వాళ్ల ప్రభుత్వ ఓడల సంస్థకు పెట్టుకున్న పేరు బ్లాక్ స్టార్ లైన్.