సైలెన్సర్ బిగించాక రైఫిల్ ఎందుకు తడబడుతోంది?

(విజయవాడ స్టూడియో నుంచి ప్రవాస తెలుగువారి కోసం నడిచే ఆదివారం ఫోన్-ఇన్ కార్యక్రమం. ప్రశ్నలకు జవాబు చెప్పినవారు సైన్యంలో ఆయుధాల మరమ్మతు విభాగంలో పనిచేసి రిటైరైన సుబేదార్.)

యాంకర్: ఇక్కడ ఉదయం ఎనిమిదైంది. డల్లాస్‌లో ఇంకా శనివారం రాత్రి తొమ్మిదిన్నరే. చెప్పండి సార్, లైన్లో ఉన్నారు.

కాలర్: నమస్కారం సుబేదార్ గారూ. మాది గుంటూరే. ఇక్కడి పౌరసత్వం వచ్చి మూడేళ్లైంది. ఫ్రెండ్ వాళ్ల ర్యాంచ్‌లో అడవి పందులు పొలం దున్నేసినట్టు తవ్వేస్తుంటే వేటకని ఒక ఏఆర్ తరహా (అమెరికా ఏఆర్-15 లాంటి) పిస్టన్ రైఫిల్ తీసుకున్నాను. లైసెన్సు, కాగితాలు అన్నీ పెట్టి సైలెన్సర్ కూడా కొన్నాను. అది లేకపోతే రైఫిల్ చక్కగా ఆడుతుంది. బిగిస్తే మాత్రం నాలుగో ఐదో గుండుకి బోల్ట్ (తూటాని లోపలికి తోసి మూసే దిమ్మ) ఖాళీ ఛాంబర్ (తూటా కూర్చునే గది) మీద మూసుకుంటోంది. మ్యాగజైన్లో తూటాలు ఉండగానే!

సుబేదార్: ఖాళీ ఖోకాలు ఎటు పడుతున్నాయి బాబూ?

కాలర్: ఖోకాలంటే...

సుబేదార్: పేలాక బయటికొచ్చే ఇత్తడి తొడుగులు. మా పటాలంలో అలాగే అనేవాళ్లం.

కాలర్: ముందుకి, కుడిపక్కకి. దూరంగా ఎగిరిపోతున్నాయి. కళ్లల్లో పొగ కూడా.

సుబేదార్: సగం జవాబు నువ్వే చెప్పేశావు. గడియారం ముల్లులా ఊహించుకో. గొట్టం పన్నెండు వైపు చూస్తుంటే ఖోకా మూడు, నాలుగు దగ్గర పడాలి. ఒకటి దగ్గర పడుతోందంటే బోల్ట్ మరీ వేగంగా వెనక్కి వస్తోందని. సైలెన్సర్ మందు కాలి వచ్చే గ్యాస్‌ని ఆపుతుంది కదా, గొట్టంలో ఒత్తిడి ఇంకాసేపు నిలుస్తుంది. దాంతో బోల్ట్‌ని వెనక్కి నెట్టే పిస్టన్ మీద దెబ్బ పెరుగుతుంది. బోల్ట్ రయ్యిన వెనక్కి పోయి తిరిగొచ్చేసరికి మ్యాగజైన్ స్ప్రింగ్ తూటాని పైకి నెట్టే తీరికే ఉండదు. పిస్టన్‌కి వెళ్లే గ్యాస్‌ని తగ్గించే గ్యాస్ రెగ్యులేటర్ మీద సైలెన్సర్‌కని ఎస్ అని గుర్తు ఉందా?

కాలర్: ఉందండీ. దాని మీద పెడితే రెండు మ్యాగజైన్లు బాగానే ఆడింది. తర్వాత ఇంకో టెన్షన్ మొదలైంది. ఖోకా బద్ధకంగా కాళ్ల దగ్గర పడుతోంది, ఆఖరి తూటా తర్వాత బోల్ట్ వెనక నిలబడటం లేదు.

సుబేదార్: ఇప్పుడు గ్యాస్ చాలట్లేదు. శుభ్రం చేసి ఎన్నాళ్లైంది?

కాలర్: అసలు చేయలేదండీ. పిస్టన్ తుపాకీకి మురికి పట్టదని షాపులో చెప్పారు.

సుబేదార్: (నవ్వు) ఆ మాట నేనూ చాలాసార్లు విన్నాను. వెనక బోల్ట్ దగ్గర మసి తక్కువే, నిజం. మరి ఆ మసంతా ఎక్కడికి పోతుంది? ముందు గొట్టం నుంచి గ్యాస్ పిస్టన్‌కి మళ్లే గ్యాస్ బ్లాక్‌లో, పిస్టన్ తలమీద గట్టిగా పేరుకుంటుంది. ఎస్ అంటే గ్యాస్ దారి చిన్నదే. దానికి అడ్డంగా మసి కూడితే ఇంకేముంది? పైగా సైలెన్సర్ ఉంటే గొట్టం గుండా వెనక్కి వచ్చే పొగ, మసి ఎక్కువ.

యాంకర్: మరి వరసగా ఏం చేయమంటారు?

సుబేదార్: మొదట మ్యాగజైన్ తీసెయ్యి, బోల్ట్ లాగి ఛాంబర్లో ఏమీ లేదని కంటితో చూడు, వేలు పెట్టి తడుము. కాల్చగానే గ్యాస్ బ్లాక్ ముట్టుకోకు, తోలు ఊడుతుంది. చల్లారాక రెగ్యులేటర్, పిస్టన్ విప్పి మసి గీకు. పిస్టన్ చేత్తో తోస్తే ఎక్కడా పట్టెయ్యకుండా జారాలి. అక్కడ నూనె పొయ్యకు, కాలి అంటుకుపోతుంది. తర్వాత ఎప్పుడూ వాడే కంపెనీ తూటాలతోనే, అదే మ్యాగజైన్‌తో చూడు. అప్పటికీ తేడా ఉంటేనే కొత్త మ్యాగజైన్ పెట్టు. తూటా, మ్యాగజైన్, గ్యాస్ మూడూ ఒకేసారి మార్చావంటే ఏది బాగుచేసిందో ఎప్పటికీ తెలీదు.

సైన్యంలో మేం చూసిన ఇషాపూర్ 1ఏ1 రైఫిళ్లతో మా పని ఇలాగే ఉండేది. 7.62 మిల్లీమీటర్ల తూటా, దానిదీ పిస్టనే, గ్యాస్‌ని పెంచీ తగ్గించే రింగు ఉండేది. గ్యాస్ బయటికి పోయేలా బాగా తెరిచి ఒక్కో గుండు కాలుస్తూ, సరిగ్గా ఆడేదాకా గాటు గాటుగా బిగించేవాళ్లం. ఆ తర్వాత ఇంకో రెండు గాట్లు, మురికికీ చలికీ కలిపి. నీ రెగ్యులేటర్‌కి రెండే స్థానాలైతే ఆ వెసులుబాటు ఉండదు, శుభ్రతే దిక్కు.

కాలర్: సైలెన్సర్ బిగింపు?

సుబేదార్: మరలు సగంలో ఆగితే గుండు లోపలి పలకల్ని తాకుతుంది. ప్రతిసారీ చూసుకో. ఎప్పుడైనా శబ్దం ఫుస్సుమంటే అక్కడే ఆపెయ్యి, గొట్టంలో గుండు ఇరుక్కుందేమో చూడకుండా ఇంకొకటి కాల్చకు. చెవులకి మఫ్స్ మానకు, సైలెన్సరున్నా మోత మోతే.

యాంకర్: తర్వాతి కాల్ మన ఆటోనగర్ నుంచి.

రెండో కాలర్: సుబేదార్ గారూ, నాది డీజిల్ మెకానిక్ షెడ్డు. సైలెన్సర్ మసితో మూసుకుంటే ఇంజన్ పవర్ పోతుంది. మీరేమో వేగం పెరుగుతుందంటారు. లెక్క తేడా కొడుతోంది.

సుబేదార్: భలే అడిగావయ్యా. ఇంజన్‌కి పొగ చెత్త. అది బయటికి పోతేనే లోపలికి కొత్త గాలి వస్తుంది. రైఫిల్‌లో ఆ పొగే కూలీ. గుండుని తోసి, మిగిలిన దాంట్లో కొంత పిస్టన్‌ని తంతుంది. ముందు దారి ఇరుకైతే కూలీకి తన్నే సమయం ఎక్కువ దొరుకుతుంది.

రెండో కాలర్: అర్థమైందండీ! మరి ఇక్కడ మనం తుపాకీకి...

సుబేదార్: ఇక్కడ ఆ మాటే వద్దు. మన దేశంలో మామూలు లైసెన్సుదారుకి సైలెన్సర్ పెట్టుకునే వీల్లేదు. షెడ్డులో ఎవరైనా గొట్టం చేసివ్వమని అడిగితే పంపించెయ్యి.

యాంకర్: ఇంకో కాల్, గుంటూరు బ్రాడీపేట నుంచి. చెప్పండమ్మా.

మూడో కాలర్: ఇందాక మాట్లాడింది మా అబ్బాయండీ. గొంతు గుర్తుపట్టాను. తుపాకీ కొన్నాడని నాకు ఇప్పుడే తెలిసింది. ఫోన్ చేస్తుంటే ఎత్తట్లేదు!

యాంకర్: అమ్మా, ఆయనింకా మా లైన్లోనే ఉన్నారు. కలపమంటారా?