పెన్నులు, రంగులు, 28 రోజులు

శ్రోతలకు నమస్కారం.

ఈ రోజు ఒక పిల్లవాడి సంగతి చెప్తాను. పేరు చెప్పను. ఆస్ట్రేలియా ఆదివాసీల్లో చాలా చోట్ల చనిపోయినవాళ్ల పేరు పలకరు. ఆ మర్యాద మనమూ పాటిద్దాం.

ఆ దేశానికి ఉత్తరాన గ్రూట్ ఐలాండ్ అని ఒక దీవి ఉంది. అక్కడివాళ్ల భాష అనిండిల్యాక్వా. మన పిల్లవాడిది ఆ దీవే. అమ్మానాన్నలు లేరు. వయసు 15. కొన్ని పెన్నులు, కాస్త రంగులు దొంగిలించాడు. అన్నీ కలిపినా వంద డాలర్లు చెయ్యవు.

పెన్నులు, రంగులు! మనింటి పిల్లవాడైతే ఏం చేస్తాం? చెవి మెలేసి, ఎవరివి వాళ్లకి ఇప్పించి, ఇంకెప్పుడూ చెయ్యనని చెప్పిస్తాం. కానీ ఆ దీవి ఉన్న ప్రాంతం నార్తర్న్ టెరిటరీలో 1997లో ఒక చట్టం వచ్చింది. దొంగతనం లాంటి కేసులో రెండోసారి దొరికితే 15, 16 ఏళ్ల పిల్లలకి కూడా కనీసం 28 రోజుల నిర్బంధం. జడ్జికి జాలి కలిగినా ఒక్క రోజు తగ్గించడానికి వీల్లేదు.

28 రోజులు. ఇంటి దగ్గర కూడా కాదు, డార్విన్ నగరంలో. మనకి హైదరాబాద్ నుంచి విశాఖ ఎంతో ఇంచుమించు అంత దూరం, మధ్యలో సముద్రం. చూడ్డానికి ఎవరొస్తారు?

ఇంకా కొద్ది రోజుల్లో ఇంటికి వెళ్లాల్సినవాడు, 2000 ఫిబ్రవరిలో అక్కడి తన గదిలో ప్రాణం తీసుకున్నాడు.

ఆ తర్వాతి ఏడాది ఆ చట్టం రద్దయింది. బాగానే ఉంది. కానీ పిల్లల్ని లోపల పెట్టడం ఆగలేదు. ఆస్ట్రేలియాలో 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో ఆదివాసీలు వందకి ఆరుగురు. నిర్బంధంలో ఉన్న పిల్లల్లో మాత్రం సగానికి పైగా వాళ్లే. నార్తర్న్ టెరిటరీలో నేర బాధ్యత వయసుని, అంటే ఎన్నేళ్ల నుంచి పిల్లల మీద కేసు పెట్టొచ్చో ఆ వయసుని, 2023లో 12కి పెంచారు, 2024లో మళ్లీ 10కి దించారు. పదేళ్లంటే అయిదో తరగతి అండీ! ఈ మాట చెప్తుంటే నాకు కోపం ఆగదు.

మరి ఏం చెయ్యొచ్చు? ఒక్క సంగతి చెప్తాను, చాలా చిన్నది. న్యూ సౌత్ వేల్స్‌లో బర్క్ అనే ఊరుంది. అక్కడ కుర్రాళ్లు లైసెన్స్ లేకుండా కారు నడిపి కేసుల్లో ఇరుక్కునేవాళ్లు. ఆ రాష్ట్రంలో కుర్రాళ్లకి లైసెన్స్ రావాలంటే, లైసెన్స్ ఉన్న పెద్దవాళ్లు పక్కన కూర్చోగా 120 గంటలు నడపాలి. ఇంట్లో కారే లేదు, లైసెన్స్ ఉన్న పెద్దవాళ్లూ లేరు. ఇక ఆ 120 గంటలు ఎక్కణ్ణుంచి వస్తాయి?

ఆదివాసీ పెద్దలు మరంగుకా అనే పేరుతో కూడి, ఏ పిల్లలు ఎందుకు కేసుల్లో పడుతున్నారో లెక్కలు తీశారు. నేర్పడానికి కారు, పక్కన కూర్చోడానికి మనిషి దొరికేలా చూశారు. ఇలాంటివి ఇంకా చాలా చేశారు. 2017కి వచ్చేసరికి ఆ ఊళ్లో పిల్లల మీద ఎక్కువగా పెట్టే అయిదు రకాల కేసులు కలిపి 38 శాతం తగ్గాయి.

నమస్కారం.