వాన రాత్రి పువ్వు: తైవాన్ పాత పాటల వెనక రాజకీయం

[స్క్రీన్ మీద: తిరుగుతున్న గ్రామఫోన్ ప్లేటు, వెనక వాన చప్పుడు]

వాన రాత్రి గాలికి రాలి, మట్టిలో పడ్డ పువ్వు. పాటంతా అంతే. పేరు ‘ఊ యా హ్వే’, వాన రాత్రి పువ్వు. 1934లో వచ్చింది. అప్పటికి తైవాన్ జపాన్ ఏలుబడిలో ఉంది. ట్యూన్ కట్టింది డెంగ్ యూషియెన్.

నాలుగేళ్లకి ఆ ట్యూన్ మీద జపాన్ వాళ్ల కన్ను పడింది. మన ఎన్నికల ప్రచారంలో సినిమా ట్యూన్‌కి కొత్త మాటలు కడతారే, అలాగే. రాలిన పువ్వు పోయి, సైన్యం సామాన్లు మోసే కూలీ వచ్చాడు. అది గర్వించాల్సిన పని అట!

[స్క్రీన్ మీద: బడి పిల్లాడి మెడలో వేలాడే చెక్క పలక]

1945లో జపాన్ పోయింది, చైనా నుంచి కువోమింటాంగ్ పార్టీ ప్రభుత్వం వచ్చింది. 1949 నుంచి 1987 దాకా మార్షల్ లా, అంటే సైనిక చట్టం. బడిలో ప్రభుత్వ భాష అయిన మాండరిన్ చైనీస్ మాత్రమే మాట్లాడాలి. ఇంటి భాష నోరు జారితే జరిమానా, లేదా మెడలో ఇలాంటి పలక. టీవీలో తైవానీ (అక్కడ ఎక్కువమంది మాట్లాడే హొక్కియెన్ భాష) పాటలకు దక్కే టైమూ తగ్గిపోయింది.

నాకు బాగా నచ్చింది 1948 నాటి వల పాట. చిరిగిన వలను బాగుచేసుకోవడం గురించి. తైవానీలో వలను ‘బాంగ్’ అంటారు, ఆశనీ ‘బాంగ్’ అనే అంటారు. మనకు వల, వలపు దగ్గరగా వినిపిస్తాయి కదా, అక్కడ రెండూ ఒకటే. వినేవాళ్లకి చెప్పాల్సిన పనే లేదు. సర్కారుకీ అర్థమైనట్టుంది, నిషేధించింది.

వెన్ షియా పాడిన సాయంకాలపు సొంతూరి పాటదీ అదే గతి. ప్రభుత్వం బ్లాక్‌లిస్ట్‌లో పడి ఇంటికి రాలేక విదేశాల్లో ఉండిపోయిన తైవాన్ వాళ్లు కలిసినప్పుడల్లా దీన్నే పాడుకునేవారు. తమాషా ఏంటంటే, ఆ ట్యూన్ జపనీస్ ట్యూనే.

[స్క్రీన్ మీద: రాత్రి మీటింగ్, జెండాలు, మైకు]

మార్షల్ లా పోయాక ఇవన్నీ రాజకీయ మీటింగుల స్టేజీ ఎక్కాయి. 1988లో ‘పోరాడితేనే గెలుపు’ అనే అర్థం వచ్చే పాటతో ఊపేసిన యే చీటియెన్ తర్వాత ఏకంగా శాసనసభకే ఎన్నికయ్యాడు.

ఇవి ‘అసలైన తైవానీ పాటలు’ అని మైకులో అంటుంటే నాకు డెంగ్ గుర్తొస్తాడు. ఆయన హక్కా మనిషి, అంటే వేరే చైనీస్ భాష మాట్లాడే వర్గం వాడు. పాటలు నిలిచింది హొక్కియెన్‌లో, అది ఆయన మాతృభాష కాదు. 1944లో, 37 ఏళ్లకే పోయాడు. తన పువ్వును కూలీగా మార్చడం వరకే చూశాడు.